పయనీరు, ప్యూను ఒకే తల్లి బిడ్డలు



మా మండలంలో అంబేడ్కర్ జయంతి సభకు కరపత్రం అచ్చు వేసినారు. వచ్చే పెద్దమనిషి పేరు ముందు 'దళిత ఉద్యమ పయనీర్' అని పెద్ద అక్షరాలతో ఉన్నది. కరపత్రాలు పంచే పిల్లగాడు నన్ను అడిగిండు: "సార్, పయనీర్ అంటే ఏంది?" అందరికన్న ముందు నడిచి తోవ చేసేటోడు అని చెప్పిన. "మరి ముందు నడిచేటోడు అందరూ వచ్చినంక కారులో ఎందుకొస్తడు సార్?" అన్నడు.

అందరం నవ్వినం. కానీ ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇంటికి పోయి నిఘంటువులు తిరగేసిన. తెలిసిన సంగతి మీకు చెప్పాలె. ఎందుకంటే ఆ మాట పుట్టింది మనలాంటోళ్ల పని నుంచే.

పయనీర్ సైన్యం మాట. ఫ్రెంచి భాషలో కాలినడక సిపాయిని పిలిచిన మాట అది. దాని వేరు లాటిన్‌లో 'పాదం' అనే మాటలో ఉన్నది. మనం చదువుకునే 'పాదం', 'పదాతి' అనే సంస్కృత మాటలు కూడా దానికి దాయాదులే. అంటే గుర్రం లేనోడు, తన కాళ్లనే నమ్ముకున్నోడు. 1500ల కాలంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటకు ఒక పని అంటుకొని వచ్చింది. పార, గడ్డపార, గొడ్డలి పట్టుకొని సైన్యానికి ముందు పోవాలె. చెట్లు కొట్టాలె, గుంతలు పూడ్చాలె, కందకాలు తవ్వాలె. వెనక గుర్రాల మీద దొరలు వస్తరు. గెలుపు దొరలది, తవ్వుడు వీళ్లది. ఆనాటి ఇంగ్లీషు సైన్యంలో వీళ్లకన్న కింద ఇంకొకడు లేడు. తప్పు చేసిన సిపాయిని శిక్షగా పయనీర్లలోకి దించేవారు. షేక్స్‌పియర్ 'ఒథెల్లో' నాటకంలో ఈ మాట వచ్చేది కూడా సైన్యంలో అట్టడుగు మనిషి అనే అర్థంలోనే.

పార పట్టినోడు, అందరికన్న ముందు నడిచినోడు, అందరికన్న తక్కువోడు! ఈ కథ మనకు కొత్తదా?

మా తాత చేసింది ఈ పనే. నైజాం కాలంలో దొర కచ్చురంలో పోతుంటే వెట్టోడు ఎడ్లకు ముందు ఉరకాలె. తోవలో ముండ్లు తీయాలె, ఎదురొచ్చేటోళ్లను పక్కకు జరపాలె. ఊరు చేరినంక ఎడ్లకు నీళ్లు పెట్టేటోళ్లు గానీ, ఉరికొచ్చినోనికి దూపకు నీళ్లిచ్చేటోళ్లు లేకపోయిరని మా నాయినమ్మ చెప్పేది. శూద్రుడు పాదాల నుంచి పుట్టిండని రాసిన వర్ణధర్మం, మనకు ఆ పాదాల్లో కూడా చోటియ్యలేదు. పైగా "నీ బాంచెన్ కాల్మొక్త" అని మన నోటనే అనిపించింది.

పయనీరుకు ఇద్దరు తోడబుట్టినోళ్లు ఉన్నరు. ఒకడు చదరంగంలో బంటు. ఇంగ్లీషోళ్లు దాన్ని 'పాన్' అంటరు. అదీ పాదం మాట నుంచి వచ్చిందే. ఆటలో ముందుకు తోసేది వాణ్ణి, ముందుగా బలిచ్చేదీ వాణ్ణే. రెండోవాడు మన ప్యూను. పోర్చుగీసు భాష నుంచి మన దేశానికి దిగిండు. కంపెనీ కాలంలో ప్యూను అంటే కాలినడక సిపాయే. తర్వాత తర్వాత కచేరీ వాకిట్లో నిలబడి కాగితాలు మోసేటోడు అయిండు. తెలుగులో బంటుకూ బంట్రోతుకూ ఉన్న చుట్టరికం ఇట్లాంటిదే. మెక్సికోలో ఇదే మాటకు అప్పు కింద భూస్వామి దగ్గర కట్టుబడ్డ పాలేరు అనే అర్థం వచ్చింది. ఆ అప్పు చాకిరీని అమెరికా 1867లో చట్టం చేసి నిషేధించింది. మన దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చేసరికి 1976 అయింది.

ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు. బంటు కిందనే ఉన్నడు. ప్యూను కిందనే ఉన్నడు. పయనీరొక్కడు పైకెట్ల ఎక్కిండు?

మాట చేతులు మారింది. అమెరికాలో ఆదివాసుల భూముల్లోకి చొరబడ్డ తెల్లోళ్లు పయనీర్లమని చెప్పుకున్నరు. 1823లో ఫెనిమోర్ కూపర్ రాసిన నవల పేరే 'ది పయనీర్స్'. 1865లో అలహాబాదులో తెల్లోళ్లు పెట్టిన పత్రిక పేరు 'ది పయనీర్'. తర్వాత డాక్టరు, శాస్త్రవేత్త, ఫ్యాక్టరీ యజమాని అందరూ పయనీర్లే అయినారు. భూమి ఉన్నోడు, కలం ఉన్నోడు తీసుకున్నంక ఆ మాటకు గౌరవం వచ్చింది. పార పట్టినోనికి మాత్రం రాలేదు.

ఆ రోజుల్లో మన దేశంలో పార పట్టిన పయనీర్లు ఎవరు? 1780లో మద్రాసు సైన్యంలో పయనీర్ల దళం పెట్టినారు. 1831లో దాని పేరు మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్‌గా మారింది. అందులో తమిళ దేశపు పరయ సోదరులు చాలామంది పనిచేసినారు. పంజాబులో 1857లో మాధోపూర్ దగ్గర కాలువ తవ్వుతున్న మజహబీ సిక్కులను తీసుకొని పయనీర్ దళం కట్టినారు. మజహబీలంటే అంటరాని కులాల నుంచి సిక్కు మతంలోకి పోయినవాళ్లు. 1895లో చిత్రాల్ మీదికి పోయినప్పుడు షందూర్ కనుమలో మంచులో ఫిరంగులను గుంజుకొని పోయింది వాళ్లే. 1933లో పయనీర్ దళాలను రద్దు చేసి ఇంటికి పంపినారు. మహర్ల సంగతీ అంతే. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. అయినా 1892లో మహర్లను చేర్చుకునుడు బందు పెట్టినారు. మీరు యుద్ధజాతి కాదన్నరు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డంక 1941లో మహర్ రెజిమెంటు పెట్టి మళ్లీ పిలిచినారు. పని పడితే సిపాయి, పని తీరితే అంటరానోడు!

మా బడిలో ఒక ఆడపిల్ల స్కాలర్‌షిప్పు ఫారంలో తండ్రి పని రాసేచోట ఖాళీ వదిలిపెట్టింది. వాళ్ల నాయిన ఒక ఆఫీసులో ప్యూను. సిగ్గుపడి రాయలేదు. ఈ మాటల కథంతా చెప్పిన. శ్రద్ధగా విన్నది. "అయితే మా నాయిన వయసు చూడకుండ అందరూ ఒరేయ్ అనెందుకు పిలుస్తరు సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పేరు మార్చుడు మనకు కొత్త కాదు. హరిజనులని పేరు పెట్టినారు. బావి దగ్గర రెండో గిలాసు పోయిందా? ప్యూనును అటెండరు అన్నరు, ఆఫీస్ సబార్డినేట్ అన్నరు. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్రం మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అన్నది. ఫైలు మోసేది, చాయ్ తెచ్చేది ఆ మనిషే. మాట పైకెక్కినంత మాత్రాన మనిషి ఎక్కడు. భూమి, చదువు, కుర్చీ దక్కాలె. అప్పుడే ఎక్కుతడు.

ఇది బయటోళ్లకే కాదు, మనకూ చెప్తున్న. మన సభల్లో జంపఖానా పరిచేదెవరు? రాత్రిపూట గోడలకు పోస్టర్లు అంటించేదెవరు? కూలి ఇడిచిపెట్టి వచ్చి ముందు వరుసలో కూసునే అక్కలెవరు? వాళ్ల పేర్లు ఏ కరపత్రంలో అచ్చయినయి? దొరల సైన్యం చేసిన పనే మనమూ చేస్తే మనకూ వాళ్లకూ తేడా ఏంది?

వచ్చే సభ కరపత్రంలో ముందుగా వాళ్ల పేర్లు వేయండి. ఆఫీసుకు పోయినప్పుడు వాకిట్లో ఉన్న మనిషిని అన్నా, అక్కా అని పిలవండి. ఆయన్ను ఒరేయ్ అన్న అధికారిని అక్కడనే నిలబెట్టి అడగండి. ఆ ఆడపిల్లకు నేను ఇయ్యలేని జవాబు మనందరం కలిసి ఇయ్యాలె.

జై భీమ్!