మిక్సీ మింగడం నేర్పుతుంది, నమలడం నేర్పదు

"అంతా మెత్తగా రుబ్బి పెడితే తింటాడండీ. కాస్త పలుకు తగిలిందా, వెంటనే ఉమ్మేస్తాడు. నమలడానికి ఏదైనా మందు ఉంటే చెప్పండి." రెండు, మూడేళ్ళ పిల్లల తల్లులు నన్ను తరచుగా అడిగే మాట ఇది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు నమలడం నేర్పే మందు ఏ వైద్యంలోనూ లేదు. అది అభ్యాసం వల్ల అలవడే విద్య. ఆ అభ్యాసానికి అవకాశం లేకుండా చేస్తున్నది మన వంటింటి మిక్సీయేనని నా నిశ్చితాభిప్రాయం.

చప్పరించడం, మింగడం బిడ్డకు పుట్టుకతోనే వస్తాయి. నమలడం అలా రాదు. నోటిలోని ముద్దను నాలుక పక్కకు నెట్టాలి, చిగుళ్ళు నలపాలి, లాలాజలం తడపాలి, నాలుక దానిని మళ్ళీ కూడగట్టి గొంతుకు అందించాలి. నాలుకను ఆశ్రయించి రుచిని తెలిపే ఈ తడినే ఆయుర్వేదం బోధక కఫమంటుంది. ఇదంతా ఆరు నెలల వయసు నుండి క్రమంగా అలవడుతుంది. దంతాల కోసం ఎదురుచూడనక్కర లేదు. నమిలే దంతాలు సాధారణంగా ఏడాది దాటాక గాని రావు. అంతవరకు చిగుళ్ళే ఆ పని చేస్తాయి.

ఆరవ నెలలో తేలికైన, హితమైన అన్నం తినిపించమని సుశ్రుతుడు చెప్పాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలు కూడా తల్లిపాలు కొనసాగిస్తూనే ఆరు నెలలకు అనుబంధాహారం ప్రారంభించమంటున్నాయి. ఇంగ్లండులో పిల్లలను ఏడేళ్ళ వయసు వరకు గమనించి 2009లో ప్రచురించిన ఒక పరిశీలన మరొక విషయం తెలిపింది. తొమ్మిది నెలలు దాటిన తర్వాతే పలుకులున్న ఆహారం రుచి చూసిన పిల్లలు, ఏడేళ్ళు వచ్చినా పండ్లు, కూరగాయలు తక్కువగా తిన్నారు. తిండి విషయంలో పేచీలు వారిలోనే ఎక్కువ. కాలం మించితే నేర్పడం అసాధ్యమని కాదు, కష్టమని దీని భావం.

మన పెద్దలు పప్పును పప్పుగుత్తితో మెదిపేవారు, అన్నాన్ని చేతితో పిసికేవారు. అందులో అక్కడక్కడ చిన్న మెతుకులు మిగిలేవి. ఆ మెతుకులే బిడ్డ నాలుకకు పాఠాలు. మిక్సీ ఆ పాఠాలను తుడిచివేస్తుంది. అయితే తల్లులు మిక్సీని ఆశ్రయించడానికి కారణం సోమరితనం కాదు, భయం. బిడ్డ ఓకరించగానే గొంతు పూడుకుపోతుందని బెదిరి, మళ్ళీ రుబ్బడం మొదలుపెడతారు. దగ్గుతూ, శబ్దం చేస్తూ ఓకరించడం ప్రకృతి ఇచ్చిన రక్షణ. శబ్దం రాక, ఊపిరాడక, పెదవులు నీలిరంగుకు తిరగడమే ప్రమాదం. అప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు.

నా సూచన ఇది. ఆరు నెలలకు మెత్తగా పిసికిన పప్పన్నం, అరటిపండు గుజ్జు ప్రారంభించండి. ఎనిమిదవ నెలకు మెతుకు తగిలేలా కలపండి. ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ ముక్క, ఇడ్లీ తునక బిడ్డ చేతికే ఇవ్వండి. ఏడాది నిండేసరికి ఉప్పు, కారం తగ్గించి ఇంటిల్లిపాదీ తినేదే పెట్టండి. ఇప్పటికే రెండేళ్ళు దాటి, మెత్తనిదే కావాలని మారాం చేసే పిల్లలకు ఒక్కసారిగా గట్టి ఆహారం పెట్టవద్దు. వారానికి కొంచెంగా రుబ్బడం తగ్గించండి. మెత్తని దోసె ముక్కను బుగ్గ పక్కన, నమిలే చోట ఉంచండి. ఎదురుగా కూర్చుని మీరు నమిలి చూపండి. మనసు భోజనంపై నిలిపి తినమని చరకుడు చెప్పాడు. ఫోను చూస్తూ నోరు తెరిచే బిడ్డ మింగుతాడే గాని నమలడు. బలవంతం మాత్రం వద్దు.

నాలుక తిరుగుతుందని వస అరగదీసి తేనెతో నాకించడం కొన్ని ఇళ్ళలో ఉంది. దానివల్ల నమలడం రాదు. పైగా ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టడం ప్రమాదకరం. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు ఆ వయసులో నరాలను దెబ్బతీసే విషాన్ని పుట్టించగలవు. వేరుశనగలు, జీడిపప్పు, ముక్కలు చేయని ద్రాక్ష, పచ్చి క్యారెట్ నాలుగైదేళ్ళ వరకు ఇవ్వకండి. తినేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టి, పక్కనే ఉండండి.

నీళ్ళు తాగినా పొలమారడం, బరువు పెరగకపోవడం, ఎప్పుడూ నోటితోనే గాలి పీల్చడం, మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యం కావడం కనిపిస్తే అది కేవలం అలవాటు లోపం కాదు. ఇంటి వైద్యంతో కాలయాపన చేయక పిల్లల వైద్యుని సంప్రదించండి. తక్కిన పిల్లలకు కావలసింది రోజుకు మూడుపూటలా తల్లిదండ్రుల ఓర్పు, చేతితో పిసికిన నాలుగు ముద్దలు.