కృష్ణ వెనుకజలాలకు సముద్రపు సూత్రాలు సరిపోవు

శ్రీశైలం జలాశయం కట్టిన నాడు 308 టీఎంసీల నీటిని పట్టగలిగేది. ఏటా వరదతో వచ్చే పూడిక మేటలు వేయడంతో ఆ సామర్థ్యం ఇప్పుడు సుమారు 215 టీఎంసీలకు పడిపోయింది. ఈ పూడికను పడవ మీద తిరుగుతూ ధ్వని పరికరాలతో అప్పుడప్పుడు కొలుస్తారు గానీ, రెండు సర్వేల నడుమ నదీగర్భంలో ఏం జరుగుతోందో అంచనాకే వదిలేయాల్సి వస్తుంది. గద్వాల, వనపర్తి జిల్లాల మధ్యనున్న జూరాల మొదలు నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల వరకు నీటి అడుగున సెన్సార్లు అమర్చి, అవి కొలిచిన పీడనం, ఉష్ణోగ్రత, బురద శాతం వంటి వివరాలను తీగలు లేకుండా ఒడ్డుకు చేరవేయగలిగితే ఆ లోటు తీరుతుంది. అయితే ఆ సమాచారం ఏ దారిన పైకి రావాలో నిర్ణయించే పద్ధతులు, అంటే రూటింగ్ ప్రోటోకాల్స్, ప్రధానంగా సముద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి కావడంతో, వాటిని ఉన్నవున్నట్టుగా కృష్ణలో దింపితే నెట్‌వర్క్ తొలి వేసవిలోనే మూగబోయే ప్రమాదముంది.

రేడియో తరంగాలు నీటిలో కొద్ది దూరంలోనే అణగారిపోతాయి, బురదనీటిలో కాంతి సాగదు. కాబట్టి అక్కడ మిగిలే వాహకం ధ్వని ఒక్కటే. అది సెకనుకు దాదాపు 1,500 మీటర్లు, అంటే రేడియో తరంగం కంటే రెండు లక్షల రెట్లు నెమ్మదిగా ప్రయాణిస్తుంది. కిలోమీటరు దాటడానికే సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. పైగా సందేశం వినడానికి అయ్యే విద్యుత్తు కంటే పంపడానికి అయ్యేది ఎన్నో రెట్లెక్కువ. అడుగున ఉన్న బ్యాటరీని మార్చడం తేలిక కాదు కనుక, ఏ నోడ్ (సెన్సార్ ఉన్న పరికరం) పంపాలి, ఏది ఊరుకోవాలి అన్నదే రూటింగ్‌లో అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రతిపాదించిన లోతు ఆధారిత పద్ధతి ముచ్చటైన సమాధానం చెప్పింది. ప్రతి నోడ్ పీడనాన్ని బట్టి తన లోతు తెలుసుకుంటుంది; సందేశం అందగానే పంపిన నోడ్ కంటే తాను పైన ఉంటేనే దాన్ని ముందుకు పంపుతుంది; ఎంత ఎక్కువ పైన ఉంటే అంత తక్కువ సేపు ఆగుతుంది; ఈలోగా మరొకటి అదే సందేశాన్ని పంపినట్టు వినిపిస్తే తాను విరమించుకుంటుంది. ఎవరెక్కడున్నారో తెలిపే పటం అవసరం లేకుండా సమాచారం నీటి ఉపరితలానికి చేరుతుంది.

సముద్రంలో ఆ ఉపరితలం ఆటుపోట్ల మేరకే మారుతుంది. శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులైతే, ఎండాకాలంలో అది 810 అడుగుల దరిదాపులకు దిగిన సంవత్సరాలున్నాయి. సోమశిలకు ఆవలి వైపు మునిగివున్న సంగమేశ్వరాలయం బయటపడేది ఆ రోజుల్లోనే. అడుగున బిగించిన నోడ్లు పాత నదీపాయ నుంచి ముంపు పొలాల వాలు మీదుగా ఒడ్డు దాకా పరుచుకుని ఉంటాయి. నీరు తగ్గినా వాటి మధ్య లోతు తేడాలు మారవు, కానీ అన్నింటికంటే పైనున్నవి ఒక్కొక్కటిగా ఎండలో పడతాయి. అంటే లోతు ఆధారిత పద్ధతి నమ్ముకున్న నిచ్చెనకు పైమెట్లే ముందుగా ఊడిపోతాయి, కింది నోడ్లు తమకంటే పైన ఎవరూ లేని శూన్యంలోకి సందేశాలు పంపుతూ బ్యాటరీని తగలేస్తాయి.

అందువల్ల ఇక్కడ పొడవైన నీటిదారుల కంటే పొట్టి, నిలువు దారులు మేలు. పాత నదీపాయ మీద, మట్టం ఎంత దిగినా నీరుండే చోట్ల తేలే కేంద్రాలను లంగరు వేసి, అడుగు నుంచి ఒకటి రెండు అంచెల్లో ధ్వనితో పైకి, పైనుంచి రేడియోతో ఒడ్డుకు సమాచారం పంపాలి. జలాశయ మట్టం రోజూ ప్రకటించేదే కనుక, దాన్ని బట్టి ఏ నోడ్లు దారిలో ఉండాలో ముందే నిర్ణయించవచ్చు. సముద్ర పరిశోధకులకు లేని సౌలభ్యం ఇది. మంచినీటిలో ధ్వని శోషణ ఉప్పునీటిలో కంటే తక్కువ కావడం ఇంకో అనుకూలత. లోతు తక్కువైన జూరాలలో మాత్రం అడుగునుంచీ ఉపరితలం నుంచీ వచ్చే ప్రతిధ్వనులు సందేశాన్ని చెరిపేస్తాయి కనుక, అక్కడ కట్ట నుంచి తీగ లాగడమే నయం.

వరద లెక్క వేరు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. అలాంటి రోజున కొట్టుకొచ్చే దుంగలకు, ఘోషకు ఏ రూటింగూ నిలవదు. అప్పుడు నోడ్లు పంపే ప్రయత్నం మాని, కొలతలను మెమరీలో దాచుకుని, నీరు నెమ్మదించాక చేరవేయడమే వివేకం. మత్స్యకారుల సంగతి ఇంజినీర్ల పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది గానీ, వెనుకజలాల్లో పుట్టిలు తిరిగే దారుల్లో, వలలు లాగే చోట్ల లంగరు తాళ్లు నిలుస్తాయనుకోవడం భ్రమ. తేలే కేంద్రాల స్థానాలను మత్స్య సహకార సంఘాలతో కలిసి ఖరారు చేసి, నిండు జలాశయంలో అక్టోబరులో మొదలుపెట్టిన ప్రయోగాన్ని మరుసటి జూన్ దాకా నడిపి, మట్టం అడుగంటిన నెలల్లో ఎన్ని సందేశాలు ఒడ్డు చేరాయో చూశాకే ఏ ప్రోటోకాల్‌కైనా నిధులివ్వాలి.