కలివి కోడికి బొమ్మ లేదు

పోయిన దీపావళికి అమెరికాలో ఉన్న మా మనవరాలు ఒక మంచు చిరుతను దత్తత తీసుకుంది. డబ్బు కడితే ఓ సర్టిఫికెట్టు, ఒక మెత్తటి బొమ్మ పోస్టులో వచ్చాయట. వీడియో కాల్‌లో బొమ్మ తోక ఊపి చూపిస్తూ, "అవ్వా, మీ ఊళ్లో ఇట్లాంటిదేమన్నా ఉందా?" అంది.

"ఉంది. కలివి కోడి."

"దానికి బొమ్మ వస్తుందా?"

రాదు. మాది కడప. ముప్పై ఏళ్లు బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూసినదాన్ని. డబ్బు ఎక్కడికి పోయి ఎక్కడ ఆగిపోతుందో చూడకుండా ఉండలేను. అంతరించిపోతున్న జంతువుల పేరుతో వచ్చే విరాళాల్లో చాలా భాగం ముద్దొచ్చే మొహాల వెంటే పోతుంది. పులికి డబ్బు తెస్తే అడవంతా బాగుపడుతుందంటారు. కొంత నిజమే. కానీ పులి డబ్బు చిక్కటి అడవికి పోతుంది, ఈ పిట్టకు కావలసింది మాత్రం ముళ్లకంప ఉండే చిట్టడవి.

తీతువు కన్నా చిన్న పిట్ట. మెడ కింద, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మా జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, పట్టిచ్చింది మాత్రం పిట్టలు పట్టే ఓ ఊరి మనిషి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దీనికోసం మార్చారు.

ఇది రాత్రి తిరిగే పిట్ట, కంటికి దొరకదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడిన కాలి గుర్తులు చూసేవాళ్లు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలుండే చోటే దీనికి ఇష్టమని అట్లాగే తేలింది. మేకలు అసలు మేయకపోతే పొదలు కమ్ముకుంటాయి, మరీ మేస్తే నేల బోడి అవుతుంది. అంటే దీన్ని కాపాడే లెక్కలో మేకల కాపరికి కూడా ఒక పద్దు ఉండాలి.

ఆ పద్దు దగ్గరే దాతలకు చెయ్యి ఆడదు. నేను కోశాధికారిగా ఉన్న చిన్న సంఘానికి ఒకాయన కెమెరాలు కొనిచ్చాడు. బ్యానర్లు, టీషర్టులు కూడా. ఆ కెమెరాలకు బ్యాటరీలు మార్చే కుర్రాడికి కూలి అడిగితే, "జీతాలు మా పాలసీలో లేవమ్మా" అన్నాడు. ఆ కెమెరాలు ఇప్పుడు మా ఇంట్లో బీరువా కింది అరలో, పాత పట్టుచీరల పక్కన ఉన్నాయి.

న్యూజిలాండ్ కాకాపో చిలకల సంగతి చూడండి. 1995లో 51 మిగిలాయి. ఇప్పుడు రెండు వందలు దాటాయి. ప్రతి పిట్టకూ ఒక పేరు, వీపున ఒక ట్రాన్స్‌మిటర్. రిము చెట్లు విరగకాస్తే గానీ అవి గుడ్లు పెట్టవు, అది రెండు నుంచి నాలుగేళ్లకోసారి. రెండేళ్ల ప్రాజెక్టు ఇచ్చి ఫలితమేదని అడిగితే, ఒక్క గుడ్డు కూడా లేదని రాయాల్సి వచ్చేది. అక్కడివాళ్లు అట్లా అడగకుండా దశాబ్దాల తరబడి నడిపారు, పని కుదిరింది.

పెద్ద మొత్తాలే కావాలని లేదు. అబుదాబిలో ఉన్న మొహమ్మద్ బిన్ జాయెద్ నిధి ఒక్కో పనికి పాతికవేల డాలర్లు మించకుండా ఇస్తుంది. పేరు కూడా తెలియని కప్పలకూ పురుగులకూ ఇస్తుంది. మా అటవీ పల్లెల్లో ఆ సొమ్ముతో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి మట్టి పట్టీలు చదును చేస్తూ ఉండగలరు. ఏ రాత్రి ఏ పొద కదిలిందో తెలిసేది వాళ్లకే. ప్రాజెక్టు అయిపోయిందని వాళ్లను పంపేస్తే, ఆ ఎరుక కూడా వాళ్లతో బెంగళూరుకు కూలి పనికి పోతుంది.

మొన్న ఇంకో సంస్థకు దరఖాస్తు పెట్టాను. ఖర్చుల పట్టికలో మొదటి వరుసలోనే "కాపలా మనుషులు ఇద్దరు, కూలి" అని రాశాను. కాలవ్యవధి గడి 24 నెలల దగ్గర ఆగింది. దాని పక్కన ఖాళీలో "పదేళ్లు" అని పెన్నుతో రాసి, పక్కనే సంతకం పెట్టి పంపాను.