నీట మునిగేవారికి సైరన్ మోగదు

2025 మే 7న దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో మాక్ డ్రిల్ పేరిట సైరన్లు మోగాయి. హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సరిహద్దులో ఉద్రిక్తత ఉన్న రోజులవి కాబట్టి ఆ కసరత్తును తప్పుపట్టనక్కర్లేదు. విసుగు పుట్టించేది దాని వెంట వచ్చిన చర్చ. ప్రతి ఇంట్లో ఒక ఎమర్జెన్సీ సంచి సిద్ధంగా ఉండాలట. అందులో టార్చి, బ్యాటరీలు, పవర్ బ్యాంకు, మంచినీళ్లు, మందులు, సర్టిఫికెట్ల జిరాక్సులు ఉండాలట. తుపానుకు అదే సంచి, వరదకు అదే సంచి, యుద్ధానికీ అదే సంచి. ఉంటే మంచిదే, కాదనేవారు లేరు. కానీ సామాన్య కుటుంబంలో మనిషిని ఉన్నట్టుండి ఎత్తుకుపోయే ప్రమాదం ఏది అని ముందు అడిగి, ఆ తర్వాత కదా జాబితా రాయాలి! జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో దానికి జవాబు ఉంది. ఆ ఏడాది పిడుగులు, వరదలు, వడదెబ్బ, చలిగాలులు, కొండచరియలు, తుపానులు అన్నీ కలిపి ప్రకృతి వైపరీత్యాలకు బలైనవారు 8,060 మంది. ప్రమాదవశాత్తు నీట మునిగి చనిపోయినవారు 38,503 మంది.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి గానీ, టీవీ చర్చలో కూర్చున్న నిపుణుడు గానీ కనపడరు. వైపరీత్యాలన్నీ కలిసి చంపినవారికి దాదాపు ఐదు రెట్ల మందిని నీళ్లు చంపాయి. రోజుకు సగటున నూట ఐదుగురు. పిడుగుపాటుకు ఆ ఏడాది 2,887 మంది చనిపోయారు. అందుకని పిడుగు పడబోతోందని ఇప్పుడు ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నాయి. రావాల్సిందే. అంతకు పదమూడు రెట్ల మందిని మింగిన ప్రమాదానికి మాత్రం అలాంటి హెచ్చరిక గానీ, దేశమంతటా శిక్షణ గానీ లేదు. విపత్తు సహాయ నిధుల కోసం 2021-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన జాబితాలో పన్నెండు విపత్తులున్నాయి. వడగళ్లు ఉన్నాయి, పంటలకు పట్టే చీడపీడలు ఉన్నాయి, నీట మునక లేదు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. తుపాను ఒకేసారి వందల ఊళ్లను తాకుతుంది, ముఖ్యమంత్రి హెలికాప్టర్‌లో తిరగడానికి అందులో సందుంటుంది. చెరువులో మునిగిన పిల్లవాడు ఒక్క కుటుంబానికే విపత్తు. జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త, దాని కింద ‘గ్రామంలో విషాదఛాయలు’ అనే వాక్యం. మర్నాడు ఇంకో మండలం, ఇంకో చెరువు. ఒకేచోట పోగుపడని చావులు ప్రభుత్వాల కంటికి ఆనవు.

మన నీళ్లు మారిపోయాయన్నది ఇందులో మరో సంగతి. ఒకప్పుడు ఊరి పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడు బావుల్లో, మోటబావుల్లో ఈత నేర్చుకునేవారు. అదీ మగపిల్లలకే. ఆడపిల్లలకు ఆ అవకాశం అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే, చెరువులో బట్టలుతికే పని మాత్రం వాళ్లదే. బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి, ఈత నేర్పే అన్నలు, మామలు ఊళ్లు వదిలి పట్నాలు చేరారు. నీళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, మరింత ప్రమాదకరమైన చోట్లకు చేరాయి. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలు మొదటి అడుగు నుంచే లోతు. ఇసుక తోడేసిన ఏటి ఒడ్డున మోకాటి లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గొయ్యి ఉంటుంది, పైకి తెలియదు. సిమెంటు లైనింగు వేసిన సాగునీటి కాలువ గట్లకు పట్టు దొరకదు. అన్నిటికన్నా దారుణం పాలిథిన్ షీటు పరిచిన పంట కుంట. నాచు పట్టిన ఆ షీటు మీద ఈత వచ్చిన పెద్దవాడు కూడా పైకి ఎక్కలేడు, జారి మళ్లీ నీళ్లలోకే పోతాడు. కుంట నలువైపులా గట్టున మేకులు పాతి, ముడులు వేసిన తాడు ఒక్కోటి లోపలికి వేలాడదీస్తే చాలు, పడినవాడు పట్టుకుని పైకి రాగలడు. ఖర్చు ఒకరోజు కూలికి మించదు. అయినా సబ్సిడీ బిల్లులో షీటుకు కొలతలుంటాయి, తాడు ప్రస్తావన ఉండదు.

ఈ ప్రమాదంలో ప్రభుత్వ యంత్రాంగం సమయానికి చేరుకోవడం అసాధ్యం. ఇది నింద కాదు, లెక్క. ఊపిరి ఆగిన మనిషి మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. పల్లెలో 108 ఇరవై నిమిషాల్లో వచ్చిందంటే చాలా బాగా వచ్చినట్టు. పత్రికల్లో మనం తరచూ చదివే ‘గజ ఈతగాళ్లను రప్పించారు’ అన్న వాక్యాన్ని ఒకసారి ఆగి చదవండి. వాళ్లను రప్పించేది మనిషి కోసం కాదు, శవం కోసం. ఆ నాలుగు నిమిషాల్లో అక్కడ ఉండేది తోటి పిల్లలు, బట్టలుతికే తల్లి, గొర్రెలు కాసే తాత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు బతికి బయటపడినవారిని పైకి లాగిందీ ఒడ్డునున్న గ్రామస్తులే, తమ చిన్న పడవలతో. సుశిక్షితమైన బలగాలు వచ్చేసరికి వాళ్లకు మిగిలింది గాలింపే. సన్నద్ధత అనే మాటకు అర్థం ఉండాలంటే ఆ తల్లికీ ఆ తాతకీ ఏం తెలుసు అన్నదాన్ని బట్టే కొలవాలి.

వాళ్లకు తెలియాల్సింది పెద్ద చదువేం కాదు. మొదటిది, నీళ్లలోకి దూకకూడదు. మన వార్తల్లో ఒక్కరు మునిగితే మూడు శవాలు తేలడానికి కారణం ఇదే. మునిగేవాడు దొరికినదాన్ని ప్రాణభయంతో వాటేసుకుంటాడు, కాపాడబోయినవాడు తండ్రి అయినా అన్న అయినా అతనితో పాటే పోతాడు. ఒడ్డున బోర్లా పడుకుని కర్ర అందించాలి. కర్ర లేకపోతే చీర, పంచె, తువ్వాలు ముడేసి విసరాలి. మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ పెద్దమనిషిని కూడా తేల్చి ఉంచుతుంది, అది లేని ఇల్లు ఇప్పుడు ఎక్కడుంది? రెండోది, బయటికి తీశాక చేసే పని. మన దగ్గర బాధితుణ్ణి తలకిందులు చేసి ఊపుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు, భుజాన వేసుకుని పరుగెత్తుతారు. అదంతా ఉన్న నాలుగు నిమిషాలనూ వృథా చేయడమే. పొట్టలో నీటితో పని లేదు, ఊపిరితిత్తులకు గాలి కావాలి. శ్వాస లేదని తేలగానే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, మధ్యమధ్య ఊపిరి అందిస్తూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. గుండె ఆగి కుప్పకూలినవారికి ఛాతీ నొక్కడం ఒక్కటే కొంత పనికొస్తుంది, మునిగినవారికి అది చాలదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది, సంతోషం. మునిగినవారికి ఊపిరి కూడా ఊదాలన్న తేడా గొర్రెల కాపరి దాకా చేరినప్పుడే అది సార్థకం. మూడోది ఇంట్లోనే ఉంది: మూతలేని సంపు, నిండుగా వదిలేసిన బకెట్టు. నడక నేర్చిన బిడ్డ అందులోకి తలకిందులుగా పడితే జానెడు నీళ్లు చాలు. అరుపు కూడా వినపడదు.

వరదలకు విడిగా పాఠం అక్కర్లేదు, ఇదే పాఠం అక్కడా పనికొస్తుంది. వాన ముదిరిన ప్రతిసారీ మన రెండు రాష్ట్రాల్లో ‘వాగు దాటుతూ కొట్టుకుపోయి’ అనే వార్త తప్పదు. చప్టా మీద అడుగు ఎత్తున పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులైతే చాలా వాహనాలు నిలవవు. బండి బరువు మీద భరోసాతో దిగేవాడికి ఈ సంగతి డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలో చెప్పి ఉండాల్సింది.

అభ్యంతరాలు ఉన్నాయి. ముందస్తు హెచ్చరికలు, తరలింపులు ప్రాణాలు కాపాడలేదా అంటారు. కాపాడాయి. 1977 నవంబరు 19న దివిసీమలో తుపానుకు వేల మంది ఒక్క రాత్రిలో పోయారు. ఈనాడు తుపాను మరణాలు ఆ స్థాయిలో లేవంటే ఆ ఘనత రాడార్లది, షెల్టర్లది, తరలింపు యంత్రాంగానిది. తుపాను విషయంలో గెలిచిన ప్రభుత్వం ఇప్పుడు మిగిలిన 38,503 వైపు తిరగాలి అనడానికి ఇంతకంటే బలమైన వాదన ఏముంటుంది? ఈత నేర్పితే పిల్లలు తెగించి నీళ్లలోకి పోతారన్నది రెండో మాట. బంగ్లాదేశ్ దీనికి ఎప్పుడో జవాబిచ్చింది. అక్కడ నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఊరి చెరువుల్లోనే వెదురు మంచెలు కట్టి ఈత, ఒడ్డు నుంచి కాపాడే పద్ధతులు నేర్పారు. నేర్చుకున్న పిల్లల్లో మునక మరణాలు తొంభై శాతానికి పైగా తగ్గాయని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. డబ్బు లేదన్న మూడో మాటకు కూడా ఆ వెదురు మంచే సమాధానం, టైల్స్ పరిచిన స్విమ్మింగ్ పూల్ ఎవరూ అడగడం లేదు. బంగ్లాదేశ్‌లోనే పొలం పనుల వేళ పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు నడిపినచోట మరణాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. మనకు ఊరూరా అంగన్‌వాడీ ఉంది, మూడేళ్లలోపు పిల్లల్ని పగలంతా ఉంచుకునే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల లేదు. బిహార్ సైతం ‘సురక్షిత్ తైరాకీ’ పేరుతో పిల్లలకు ఈత నేర్పుతోంది. వెనకబడిన రాష్ట్రమని మనం వెక్కిరించే బిహార్!

ఇదంతా ప్రజల నెత్తిన రుద్దడమే కదా అన్నది మాత్రం కొట్టిపారేయదగ్గ మాట కాదు. క్వారీ గుంతకు కంచె వేయించాల్సింది గనుల శాఖ, కాలువ గట్టుకు మెట్లు కట్టాల్సింది నీటిపారుదల శాఖ. అనుమతి పత్రంలో షరతులు రాసి, అమలును గాలికి వదిలేసిన వారిని బోనులో నిలబెట్టాల్సిందే. అయితే వాళ్లు కదిలే లోపు రోజుకు నూట ఐదుగురు పోతూనే ఉంటారు. పైగా ఈత మాస్టరును నియమించడం, బడిలో సీపీఆర్ నేర్పడం కూడా ప్రభుత్వం పనే.

ఆపద మిత్ర పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు శిక్షణ ఇచ్చామని కేంద్రం చెప్పుకుంటోంది. నూట నలభై కోట్ల దేశంలో లక్ష మంది! మన రాష్ట్రాలేమో ఎన్ని ఫోన్లకు సందేశాలు పంపాం, ఎన్ని డ్రోన్లు ఎగరేశాం, ఎన్ని పొట్లాలు పంచాం అని లెక్క చెబుతాయి. పదో తరగతి ఫలితాల్లో ఏ జిల్లా ఏ స్థానంలో ఉందో చెప్పే విద్యాశాఖను, ఆ పిల్లల్లో ఎందరికి ఈత వచ్చో అడగండి. అంకె ఉండదు, ఆ అంకె తమ దగ్గర ఉండాలన్న ఆలోచనే ఉండదు. వేసవి సెలవులిచ్చే రోజున ‘చెరువుల దగ్గరకు పిల్లల్ని పంపకండి’ అని తల్లిదండ్రులకు ఒక ప్రకటన పారేస్తే బాధ్యత తీరిపోయినట్టు. బిడ్డ పోయాక మాత్రం అందరికీ చురుకుదనం వస్తుంది: ఎమ్మెల్యే పరామర్శ, మంత్రి దిగ్భ్రాంతి, లక్షల్లో ఎక్స్‌గ్రేషియా. ఒక్క ఎక్స్‌గ్రేషియా చెక్కు సొమ్ముతో ఒక మండలంలో ఈత నేర్పే మనిషికి ఏళ్ల తరబడి జీతం ఇవ్వొచ్చు. చెక్కు రాయడానికి జీవో ఉంది. ఆ జీతానికి జీవో ఏదని ఈసారి పరామర్శకు వచ్చిన నాయకుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి అడగాలి.