గ్యాస్ గీజరు మాటిమాటికీ ఆరిపోతే

స్నానం మధ్యలో గ్యాస్ గీజరు వెలుగుతూ ఆరుతూ ఉంటే యంత్రం చెడిపోయిందని విసుగుకొనేవారే ఎక్కువ. నిజానికి చాలాసార్లు అది యంత్రం తీసుకొనే జాగ్రత్త.

నీటి ఒత్తిడి వల్లనే గ్యాస్ మార్గం తెరుచుకొంటుంది. ధార సన్నగిలితే మూసుకొంటుంది. ధార చాలనప్పుడు రాగి గొట్టాలలోని కొద్దిపాటి నీరు హద్దుమీరి కాగుతుంది. వేడిని కనిపెట్టే స్విచ్చి మంటను ఆర్పివేస్తుంది. కనుక మొదట గ్యాసు, కుళాయి కట్టివేసి, నీరు లోనికి వచ్చేచోట ఉన్న జల్లెడను శుభ్రపరచాలి. బ్యాటరీలు నీరసించాయేమో చూడాలి. వేసవిలో మంటను తగ్గించాలి. గొట్టాలలో పేరుకొన్న సున్నపు పొరను తొలగించడం నిపుణుని పని. కొన్ని గీజర్లు 20 నిమిషాలకు తమంతట తామే ఆరిపోతాయి. అది లోపం కాదు.

రక్షణ స్విచ్చిని తప్పించి తీగలు కలిపివేయడం మాత్రం ప్రాణాంతకం. గాలి చాలని గదిలో మంట నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, మగత కమ్మిన పిమ్మట తలుపు గడియ తీసే శక్తి సైతం మిగలకపోవచ్చు. నీలిమంట పసుపురంగుకు మారితే గీజరును వెంటనే ఆపివేయాలి. దానిని స్నానాలగది వెలుపల, గాలి ధారాళంగా ఆడేచోట అమర్చుకోవడమే క్షేమం.