పూలమడికి నీరు ఎక్కడిది?

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ విస్తరించిన నడిగడ్డలో అయిజ ఒక ముఖ్య పట్టణం. రెండు నదులు చేరువలో ఉన్నప్పటికీ రాష్ట్రంలో తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఇదొకటి. రాజోలిబండ కాలువ చివరి భూములకు నీరు చాలకపోవడం ఇక్కడి రైతులకు కొత్త కాదు. ఇటువంటి చోట తేమను కోరే బహువార్షిక పూలమొక్కలను పెరట్లో పెంచడం దుబారా అని పలువురు భావిస్తారు. మంచినీటితో పెంచినంతవరకు ఈ భావన సరైనదే. ఒకసారి వాడిన నీటితో పెంచినప్పుడు మాత్రం అది వర్తించదు.

ఈ విషయాన్ని లెక్కలతో పరిశీలించవచ్చు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. వేసవిలో దట్టంగా ఆకులున్న మడి నుండి రోజుకు 6 నుండి 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, 10 చదరపు మీటర్ల మడికి 60 నుండి 80 లీటర్లు కావాలి. మిషన్ భగీరథ పథకంలో పురపాలక పట్టణాలకు నిర్ణయించిన పరిమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో సగం పూలమడికి పోయడం సమర్థనీయం కాదు. మరోవైపు, ఐదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు స్నానానికి 15 లీటర్ల బకెట్లు రెండు వాడినా 150 లీటర్లు బయటికి పోతాయి. నేడు ఈ నీరు చాలాచోట్ల వీధిలో నిలిచి దోమలకు ఆవాసమవుతున్నది. ఆ మడి అవసరానికి ఇది దాదాపు రెండింతలు. మిగులు నీరు వేర్ల వద్ద పేరుకునే లవణాలను కిందికి కడిగి, పక్కన తవ్విన ఇంకుడు గుంతకు చేరుతుంది.

ఈ పనికి అన్నింటికంటే తగినది మెట్టతామర. దీని దుంపలను 45 నుండి 60 సెంటీమీటర్ల ఎడంలో నాటితే కొద్ది నెలల్లోనే మడి నిండుతుంది. రెండేళ్లకొకసారి తొలకరిలో దుంపలను విడదీసి తిరిగి నాటాలి. నీడ కొంత ఉన్నచోట స్పైడర్ లిల్లీ బాగా వస్తుంది. కడియం నర్సరీల నుండి తెచ్చే హెలికోనియాల విషయంలో జాగ్రత్త అవసరం. గోదావరి తీరపు గాలిలోని తేమకు అలవాటుపడిన ఆ మొక్కకు వేరుకు నీరందినా, ఇక్కడి వేసవి వడగాలికి ఆకులు మాడిపోతాయి. నేలలోని తేమ గాలిలోని పొడితనాన్ని పూర్తిగా భర్తీ చేయలేదు.

వాడిన నీటిని నేరుగా మడిలోకి వదలరాదు. జిడ్డు, మెతుకులు ఆగేందుకు జల్లెడ గల చిన్న తొట్టి ఉండాలి. మడి అడుగున కంకర, దానిపై ఇసుక పరచి, గొట్టాన్ని ఉపరితలానికి కిందుగా అమర్చాలి. నీరు పైకి కనబడకుంటే దోమలు గుడ్లు పెట్టలేవు. మరుగుదొడ్డి నీటిని ఇందులో కలపరాదు. బట్టలుతికిన తొలి నీటిని కూడా మడికి మళ్లించరాదు. బట్టల సోడా, డిటర్జెంట్ పొడులలోని సోడియం నల్లరేగడిలో పేరుకుంటే మట్టి కణాలు విడిపోయి నీరు ఇంకడం ఆగిపోతుంది. ఏడాదికొకసారి మట్టి పరీక్ష చేయించి, అవసరమని తేలితే జిప్సం వేయాలి. ఈ మడిలో ఆకుకూరలు పెంచరాదు.

మెట్టతామర, జమ్ము వంటి మొక్కలతో గ్రామాల మురుగునీటిని శుద్ధి చేసే విధానంపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషి చేసింది. వేర్లను, కంకరను అంటిపెట్టుకొని పెరిగే సూక్ష్మజీవులు నీటిలోని సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేస్తాయి. అదే సూత్రాన్ని చిన్న పెరడుకు కుదించడానికి భారీ వ్యయం అవసరం లేదు.

కాబట్టి ఇంటి నిర్మాణ దశలోనే స్నానపు నీటికి, మరుగుదొడ్డికి వేర్వేరు గొట్టాలు వేయించడం అలవాటు కావాలి. ఇల్లు పూర్తయ్యాక వాటిని విడదీయడం ఖర్చుతో కూడిన పని. ఇంకుడు గుంతలను ప్రోత్సహిస్తున్న పురపాలక సంఘాలు వాటితోపాటు ఒక పూలమడిని కూడా సూచించడం మంచిది. ఇంట్లో ఎంత నీరు వాడి వదులుతున్నారో ముందుగా కొలిచి, మడి విస్తీర్ణాన్ని దానికి తగినట్లు నిర్ణయించుకోవాలి. ఆ పరిమితికి లోబడినంతకాలం నడిగడ్డ పెరట్లో మెట్టతామర పూయడాన్ని ఎవరూ ఆక్షేపించనవసరం లేదు.