విమానానికి ఉన్న వాన కబురు పత్తి చేనుకు లేదా?

శంషాబాద్ విమానాశ్రయంలో ప్రతి అరగంటకు ఒకసారి వాతావరణం కొలిచి కబురు పంపుతారు. రాత్రి లేదు, పగలు లేదు. గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, ఎంత వేగం, మొగులు ఎంత ఎత్తున ఉంది, ఉరుములున్నాయా, వేడి ఎంత, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. దీన్ని మెటార్ అంటారు. 1968లో అంతర్జాతీయంగా మొదలైన పద్ధతి ఇది. దీనికి తోడు టాఫ్ అని మరొకటి ఉంది. రాబోయే 30 గంటల్లో ఆ విమానాశ్రయం మీద ఏం కాబోతుందో ముందుగా చెప్పేది అది.

ఈ రెండింటినీ కలిపి తెచ్చిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చి చాలా ఏండ్లయింది. శంషాబాద్ గుర్తు వీ, ఓ, హెచ్, ఎస్ అనే నాలుగు అక్షరాలు. అవి కొడితే ఇప్పుడున్న వాతావరణం, వచ్చేది రెండూ ఒక్కచోట కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు. అమెరికా ప్రభుత్వ సైటులో చూసినా మన శంషాబాద్ గాలి కబురు దొరుకుతుంది.

బెల్లంపల్లిలో పత్తి పెట్టుకునే మాకు దీనితో పనేమిటని మీరు అడగొచ్చు. నిజమే, నేరుగా పనిలేదు. శంషాబాద్ మనకు రెండు వందల యాభై కిలోమీటర్ల పైన ఉంది. మన పక్క బసంత్‌నగర్‌లో రన్‌వే ఉన్నా విమానాల రాకపోకలు లేవు. మిరుగం వాన సంగతి మీకు చెప్పేదేముంది, ఈ చేనులో పడితే ఆ చేనులో పడదు. పైగా మెటార్‌లో వాన పడుతోందని ఉంటుంది గాని ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఉండదు. మనకు కావలసింది ఆ లెక్కే.

మనం నేర్చుకోవలసింది ఆ పద్ధతి. పైలెట్‌కు ఇచ్చే ప్రతి కబురు మీద టైము ఉంటుంది. అరగంటలో వాతావరణం ఒక్కసారిగా మారితే ఇంకో ప్రత్యేక కబురు వస్తుంది. ముందు చెప్పింది తప్పుతోందని తెలిస్తే దిద్ది మళ్లీ పంపుతారు. మనకు ఫోన్‌లో తిరిగే వాన కబుర్లకు తేదీ ఉండదు, ఊరు ఉండదు. ఏ ఏడాది ఫొటోనో ఈ పొద్దుటిదని పంపుతారు.

గాలి సంగతే చూడండి. మెటార్‌లో 27012 అని ఉంటే పడమర దిక్కు నుంచి 12 నాట్ల వేగంతో గాలి వీస్తోందని అర్థం. (ఈ నాట్లు వరి నాట్లు కావు.) అంటే గంటకు 22 కిలోమీటర్లు. ఆ గాలిలో మందు కొడితే సగం పక్కోడి చేనుకు, మిగతాది కొట్టేవాడి ముక్కులోకి పోతుంది. పైలెట్‌కు తెలిసే ఈ ముక్క డబ్బా భుజాన వేసుకున్న కూలీకి ఎవరు చెబుతున్నారు?

మనకు ఏమీ లేదని నేననను. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలాల్లో వాన, వేడి, గాలి అవి కొలుస్తూనే ఉంటాయి. కేంద్ర వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలు ఇస్తుంది. 2019లో మేఘదూత్ యాప్ వచ్చింది. 2024 అక్టోబరులో పంచాయతీ స్థాయి సూచనలు మొదలయ్యాయి. అదే ఏడాది మొదట్లో మాత్రం కృషి విజ్ఞాన కేంద్రాల్లోని జిల్లా వాతావరణ విభాగాలను మూసేయమన్నారు. యాప్ వచ్చింది, దాన్ని విడమరచి చెప్పే మనిషి పోయాడు. నా మట్టుకు ఇది తలకిందుల పని.

ఉన్నవన్నీ తలా ఒకచోట ఉన్నాయి. పడిన వాన ఒక సైటులో, పడబోయే వాన ఇంకో యాప్‌లో. రెంటినీ కలిపి మండలానికి ఒక్క కాగితం చేసేవాడు లేడు. పత్తి రైతుకు అవసరమైంది ఆ కలిపిన లెక్కే. తేలిక చెల్కల్లో 50 నుంచి 60, రేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకనే గింజ పెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతారు. మన మండలంలో ఎంత పడింది, వచ్చే ఐదు రోజుల్లో ఎంత పడుతుంది అన్నవి పక్కపక్కన కనిపిస్తే ఆగాలో పెట్టాలో తేలుతుంది. 2024లో బీటీ పత్తి ప్యాకెట్టు 864 రూపాయలు. ఎకరానికి రెండు. మొదటి తొలకరికే పెట్టి, వాన ముఖం చాటేస్తే గింజ దుబ్బలోనే మాడుతుంది. మళ్లీ ప్యాకెట్లు, మళ్లీ కూలీలు, మళ్లీ అప్పు. కౌలు రైతు అయితే ఆ దెబ్బకు లేవడు.

రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఒక్కో చోట వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. జూన్ నుంచి అక్టోబరు వరకు రోజూ పొద్దున గోడ మీద ఒక తెలుగు కాగితం అంటించడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. నిన్నటి వాన, జూన్ 1 నుంచి మొత్తం, రాబోయే ఐదు రోజుల వాన, గాలి వేగం, కొలిచిన టైము. ఇంతే. బెల్లంపల్లిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మొదలు ఇక్కడే పెట్టొచ్చు.

అందాక మీ చేనులో ఒక తగరపు డబ్బా పెట్టండి. గోడలు నిట్టనిలువుగా, అడుగు సమంగా ఉండాలి. చెట్టు కింద వద్దు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలుతో నీళ్లు కొలిచి రాసుకుని పారబోయండి. సెంటీమీటరు అంటే 10 మిల్లీమీటర్లు. ఆ కాగితం పట్టుకుని రైతు వేదికకు పోయి, మన మండలం మిషన్ ఎంత చూపిస్తోందని అడగండి.